సన్యాసి పీతకు ఏం తెలుసు?

కిందటి దసరా సెలవుల్లో మా మనవణ్ణి వెంటబెట్టుకుని గోపాల్‌పూర్ సముద్రపొడ్డుకు వెళ్లాను. మేముండే బరంపురానికి అది ఎంతో దూరం కాదు. వాడికి తొమ్మిదేళ్లు. పొద్దున్నించి ఎండెక్కేదాకా గుల్లలు ఏరాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన, అక్కడి జాలరుల్లో చాలామందిలాగే తెలుగువాడే, వాడి చేతిలో ఒక గుల్ల కదలడం చూసి, "అది కాళీది కాదు బాబూ, లోపల మడిసున్నాడు" అని నవ్వాడు. వీడు ఉలిక్కిపడి దాన్ని ఇసుకలో పెట్టేశాడు. మిగిలినవన్నీ బిస్కెట్ల డబ్బాలో పోసుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ రాత్రి డబ్బాలోంచి చప్పుడు వచ్చింది. గోకినట్టు, కాసేపు ఆగి మళ్లీ గోకినట్టు. బొద్దింక కాబోలు అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఒక చిన్న పీత, గుల్లలోంచి పూర్తిగా బయటికి వచ్చేసి, డబ్బా మూలన చచ్చిపడి ఉంది. ముందు సగం మామూలు పీతలా గట్టిగా ఉంది. వెనక సగం ఒలిచిన రొయ్యలా మెత్తగా, ఒక పక్కకు మెలితిరిగి ఉంది. మనవడు దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత అడిగాడు:

"తాతా, దానికి తెలిసిందా?"

"ఏం తెలియడం?"

"మనింట్లో ఉన్నట్టు."

"దానికేం తెలుస్తుందిరా" అని వాణ్ణి స్నానానికి పంపించేశాను.

ముప్పై ఏళ్లు బడిలో ఒడియాలో జీవశాస్త్రం చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో ఆలోచించుకున్న మనిషిని నేను. సన్యాసి పీత గురించి మా పాఠంలో ఉన్నది రెండు వాక్యాలు, పరీక్షలో ఒక మార్కు. ఆ రెండు వాక్యాల బలంతోనే నేనా జవాబు చెప్పాను. చెప్పిన తరవాత అది మనసులో ముల్లులా ఉండిపోయింది. పిల్లవాడి ప్రశ్న చిన్నదేం కాదు. దానికి ఏం తెలుసో నాకు తెలియకుండా, దానికి ఏమీ తెలియదని నేనెలా చెప్పాను?

ముందు ఆ పేరు సంగతి. దీన్ని సన్యాసి అన్నవాళ్లు గుల్లలో ఒంటరిగా ముడుచుకుని కూర్చోవడం చూసి అని ఉంటారు. మన తూర్పు తీరపు ఇసుకలో దొరికే చిన్న రకాల్లో డయోజెనిస్ అనే ప్రజాతివి ఉన్నాయి. ఏథెన్సులో మట్టి తొట్టిలో కాపురమున్న గ్రీకు వేదాంతి పేరది. చేత్తో నీళ్లు తాగుతున్న పిల్లవాణ్ణి చూసి, ఇంకా ఈ గిన్నె ఎందుకని దాన్ని పారేశాడని ఆయన గురించి కథ. ఆయన పేరు పెట్టుకున్న ఈ పీత మాత్రం పుట్టింది మొదలు ఇల్లు, ఇల్లు, ఇల్లు అని తిరుగుతుంది. ఒంటి వెనక భాగానికి పెంకు లేదు. చచ్చిన సముద్రపు నత్త వదిలిన గుల్లలో ఆ మెత్తని భాగాన్ని దూర్చి, చివరనున్న చిన్న కాళ్లతో లోపలి స్తంభాన్ని పట్టుకుని, ఇంటిని వీపున మోస్తూ నడుస్తుంది. ఒళ్లు పెరిగినప్పుడల్లా పెద్ద గుల్ల కావాలి. సన్యాసి అనడం కంటే అద్దె ఇల్లు వెతుక్కునే గుమాస్తా అంటే నప్పుతుంది. మనబోటి వలస కుటుంబాలవారికి ఇక్కడ ఇంకో పోలిక తట్టకపోదు, పరాయి గుల్లలో కాపురమని. కవిత రాయగలవారు రాసుకోవచ్చు. నేను ఆ దారిన పోను. ఆ పీతను ఒకసారి డబ్బాలో పెట్టాను, మళ్లీ నా ఉపమానంలో కూడా పెట్టలేను.

దానికి లోకం ఎలా తెలుస్తుందో చూద్దాం. తల ముందు రెండు జతల మీసాలు ఉంటాయి. పొడుగు జత ఎదురైన వస్తువును తడుముతుంది. పొట్టి జత వాసన చూస్తుంది. ఆ పొట్టి మీసాల చివర సన్నని నూగు కుచ్చులుగా ఉంటుంది. నీళ్లలో ఉన్న పీతను ఓపిగ్గా చూస్తే ఆ మీసాలను టక్కున కిందికి కొట్టి, మెల్లిగా పైకెత్తుతూ ఉంటుంది. వేగంగా కొట్టినప్పుడు కొత్త నీరు నూగులోకి చొరబడుతుంది. మెల్లిగా ఎత్తినప్పుడు ఆ నీరు అక్కడే నిలిచి, అందులోని వాసన లోపలికి ఇంకుతుంది. మనం ముక్కుతో గాలిని ఎగబీల్చినట్టే అది మీసంతో నీళ్లను ఎగబీలుస్తుంది. ఒక్కో దెబ్బ ఒక్కో శ్వాస. పైన కాడల మీద కళ్లున్నాయి. పొట్టి మీసాల మొదట్లో చిన్న గది ఉంటుంది, అందులో ఇసుక రేణువులు. ఆ రేణువులు ఎటు ఒరిగితే అటు కింద అని తెలుస్తుంది. 1893లో వియన్నాలో అలోయిస్ క్రైడ్ల్ అనే ఆయన, పీతకు దాయాది అయిన రొయ్య కుబుసం విడిచి కొత్త రేణువులు వేసుకునే సమయంలో, ఇసుకకు బదులు ఇనుప రజను అందుబాటులో ఉంచాడు. అది రజనే వేసుకుంది. ఆ మీదట పైనుంచి అయస్కాంతం పెడితే పైకప్పే నేల అనుకుని రొయ్య తిరగబడింది. పైన, కింద అనేవి కూడా కొందరికి గుప్పెడు ఇసుక ఇచ్చిన సమాచారమేనన్నమాట.

అయితే దీని తెలివంతా చూడాలంటే ఖాళీ గుల్ల దగ్గర చూడాలి. గుల్ల దొరకగానే పీత అందులో దూరిపోదు. పట్టకారులాంటి డెక్కలతో దాన్ని పట్టుకుని, దొర్లించి, పైనంతా కాళ్లతో రాసి చూస్తుంది. నోరు దొరకగానే డెక్కను లోపలికి పోనిచ్చి ఎంత లోతుందో, ఇసుకగానీ ఇంకెవరైనాగానీ ఉన్నారో కొలుస్తుంది. కదిలించి బరువు చూస్తుంది. 1982లో కారెన్ మెస్ అనే పరిశోధకురాలు, గుల్లలోని కాల్షియాన్ని కూడా ఇది పసిగడుతుందని చూపించింది. కాల్షియం ఉన్న వస్తువైతే వెతుకులాట మొదలుపెడుతుంది, లేకపోతే ఆసక్తి చూపదు. మన పెద్దవాళ్లు గుల్లసున్నం కాల్చుకుని తాంబూలంలోనూ గోడలకూ వాడుకున్నారు. ఆ సున్నాన్ని కాలితో రుచి చూసి ఇది ఇల్లు, ఇది రాయి అని తేల్చుకునే ప్రాణి ఒకటి ఒడ్డున తిరుగుతోందని వారికి తెలుసో లేదో.

గుల్లలో కుదురుకున్నాక ఇంకో వింత. 2012లో అచ్చయిన ఒక ప్రయోగంలో నేల మీద బతికే సన్యాసి పీతల గుల్లకు ప్లాస్టిక్ పలక ఒకటి అతికించి, మలుపులున్న ఇరుకుదారిలో నడిపించారు. పలక గోడకు తగలకుండా అవి ఒంటిని తిప్పుకుని పోయాయి. పలకలో నరాలు లేవు, గుల్లలోనూ లేవు. అయినా తన ఒళ్లు ఎక్కడిదాకా ఉందో దానికి కొత్తగా తెలిసింది. తలమీద గడ్డిమోపు ఉన్న మనిషి గుమ్మం దగ్గర తల వంచడం లాంటిదే ఇది. 2011లో మార్క్ బ్రిఫా, ఆయన సహచరురాలు మరో సంగతి చెప్పారు. నేల రంగుకు గుల్ల రంగు కొట్టొచ్చినట్టు వేరుగా ఉంటే, బెదిరి లోపలికి ముడుచుకున్న పీత బయటికి రావడానికి వెనకాడుతుంది. నేలలో కలిసిపోయే గుల్ల అయితే అంత వెనకాడదు. అంటే తాను ఇతరుల కంటికి ఎలా కనబడుతున్నానన్న లెక్క కూడా ఎంతో కొంత దానికి ఉంది. పైగా ఎంతసేపు లోపలుండాలన్నది ఒక్కో పీతకు ఒక్కో తీరు. పిరికిది పిరికిదే, మొండిది మొండిదే.

గీతలో స్థితప్రజ్ఞుణ్ణి తాబేలుతో పోల్చారు, అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను విషయాల నుంచి మళ్లించుకుంటాడని. బయటి నుంచి చూస్తే గుల్లలో ముడుచుకున్న పీతా అలాగే కనబడుతుంది. కానీ అది ఇంద్రియాలను మూసుకుని ధ్యానం చేయడం లేదు. బయట నిలబడింది ఎవరు, ఎంతసేపు నిలబడతారు అని లోపలి నుంచి బేరీజు వేస్తోంది. ఆ రాత్రి డబ్బాలో చప్పుడు ఆగి ఆగి రావడం ఇప్పుడు నాకు వేరేగా వినిపిస్తోంది.

జైనుల తత్త్వార్థ సూత్రంలో జీవులను ఇంద్రియాల లెక్కన మెట్లుగా పేర్చారు. పురుగుకు రెండు, చీమకు మూడు, తుమ్మెదకు నాలుగు, మనిషికి అయిదు. కర్ణాటకలోని మన పాఠకులకు ఈ లెక్క కొత్తదేం కాదు. అహింసకు ఇంత శ్రద్ధగా కొలబద్ద తయారుచేసుకున్నవాళ్లు ప్రపంచంలో అరుదు. ఆ శ్రద్ధకు నమస్కరిస్తూనే ఒక మాట అనాలనిపిస్తుంది. మెట్లు కట్టిన చోట పై మెట్టు మీద ఉన్నది మనమే. మన అయిదు ఎవరికెన్ని ఉన్నాయని లెక్కపెడతామేగాని, వాళ్లకున్నవి మనకెన్ని లేవని లెక్కపెట్టుకోం. కాలితో రుచి చూడడం, నీళ్లను మీసంతో ఎగబీల్చడం మన లెక్కలో ఏ గడిలో వేయాలి?

ఈ చిక్కును చక్కగా పట్టుకున్నవాడు యాకబ్ ఫాన్ యుక్స్‌క్యుల్. జర్మనీలో హాంబర్గులో పనిచేసిన జీవశాస్త్రవేత్త. 1934లో వెలువడిన చిన్న పుస్తకంలో ఆయన ఈ పీతనే ఉదాహరణగా తీసుకున్నాడు. సముద్రంలో సీ ఎనిమోన్ అని పువ్వులా కనిపించే జీవి ఉంది, ముట్టుకుంటే కుడుతుంది. కొన్ని రకాల పీతలు దాన్ని తమ గుల్ల మీద ఎక్కించుకుంటాయి, శత్రువులు దగ్గరికి రారని. గుల్ల మీది ఎనిమోన్‌ను పోగొట్టుకున్న పీతకు ఇంకొకటి చూపిస్తే దాన్ని గుల్ల మీద నాటుకుంటుంది. అసలు గుల్లే లేకుండా చేసిన పీత అదే ఎనిమోన్‌లో దూరి కాపురముండబోతుంది, కుదరకపోయినా. గుల్లా ఉండి ఆకలితో ఉన్న పీత దాన్ని తినబోతుంది. వస్తువు ఒక్కటే. ఒకప్పుడు కాపలా, ఒకప్పుడు ఇల్లు, ఒకప్పుడు కూడు. ఏ ప్రాణికైనా తన అవసరాల రంగు పులుముకోని లోకం లేదంటాడు ఆయన. సముద్రం ఒకటేగాని అందులో ఎన్ని ప్రాణులో అన్ని సముద్రాలు.

ఇక్కడిదాకా ఒప్పుకుంటే వెంటనే ఇంకో వాదం తలెత్తుతుంది. ఎవరి లోకం వారిదైతే, ఎవరి లోకంలోకీ ఎవరూ పోలేకపోతే, పీత బాధ గురించి మాట్లాడడానికి నేనెవర్ని? ఈ వాదం వినయంగా ఉంటుంది, అందుకే ప్రమాదం. "దానికేం తెలుస్తుందిరా" అన్న నా మాటే ఇందులో పట్టుపంచె కట్టుకుని వచ్చింది. తెలుసుకోలేం అన్నది కాస్త జారితే లేదు అన్నదవుతుంది, అక్కణ్ణుంచి మనం ఏం చేసినా ఫర్వాలేదు అన్నచోట తేలుతుంది.

బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎల్‌వుడ్, మిర్యమ్ ఆపెల్ 2009లో ప్రకటించిన ప్రయోగాలు నాకు ఈ జారుడు మెట్టు మీద పట్టు దొరికేలా చేశాయి. గుల్లకు రంధ్రాలు చేసి, సన్నని తీగలు పెట్టి, లోపలున్న పీత పొట్టకు చిన్న కరెంటు షాకులిచ్చారు. బాధ తగలగానే తప్పుకోవడం యంత్రానికీ చేతనవును, అదొక్కటే చూస్తే ఏమీ తేలదు. వాళ్లు చూసింది వేరు. పీతలకు ఇష్టమైన జాతి గుల్లలున్నాయి, అంతగా నచ్చనివున్నాయి. షాకు తగిలినప్పుడు నచ్చని గుల్లలో ఉన్నవి ఎక్కువగా వదిలి వచ్చాయి, నచ్చిన గుల్లలో ఉన్నవి ఓర్చుకున్నాయి. వదలకుండా ఉండిపోయిన పీతలకు తరవాత కొత్త గుల్ల చూపిస్తే, షాకు తిన్నవి త్వరగా దాని దగ్గరికి పోయి, ఎప్పటిలా అంతసేపు పరీక్షించకుండానే మారిపోయాయి. 2016లో ఎల్‌వుడ్, బారీ మేగీ ఇంకొకటి చూపించారు. నీళ్లలో శత్రువు వాసన ఉంటే, షాకు తగిలినా పీత గుల్ల వదలడానికి అంతగా సిద్ధపడదు.

అంటే ఇది బేరం. ఇంటి విలువ ఇంత, బయట ప్రమాదం ఇంత, లోపల నొప్పి ఇంత అని మూడింటినీ ఏదో ఒకచోట పక్కపక్కన పెట్టి తూచాలి. తూచాలంటే ఆ నొప్పికి దాని లోపల ఒక బరువు ఉండాలి. దీనితో నొప్పి రుజువైపోయిందని ఎల్‌వుడ్ కూడా అనలేదు, నొప్పి ఉంటే ఎలా ఉండాలో అలాగే ఉందన్నాడు. నాకు అది చాలు. పక్కింటి మనిషి పంటి నొప్పి కూడా నాకు అంతకన్నా దగ్గరగా తెలియదు. ఆయన పెళ్లి భోజనం వదులుకుని ఇంట్లో పడుకున్నాడంటే, ఏం వదులుకున్నాడో చూసి ఎంత నొప్పో ఊహిస్తాను. దాని లోకం ఎలా ఉంటుందో నాకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. అది దేన్ని వదులుకోవడానికి ఇష్టపడదో నాకు తెలుసు. ఒకరి పట్ల ఎలా నడుచుకోవాలో నిర్ణయించుకోవడానికి నిజంగా కావలసింది ఈ రెండోదే.

ఈ సంగతి తెలియడానికి వాటికి షాకులివ్వవలసి వచ్చిందన్నది నేను మరిచిపోలేదు. ఆ లెక్క ఎలా సరిపెట్టాలో నాకింకా తోచలేదు.

సన్యాసి పీతకు ఇల్లు దొరికేది చావు వాసన వల్లే. చచ్చిన నత్త మాంసం వాసన వస్తే అక్కడో గుల్ల ఖాళీ అవుతోందని అర్థం. కోస్టారికాలో నేలపీతల మీద జరిపి 2019లో ప్రకటించిన పరిశీలనలో, తమ జాతి పీత చచ్చిన వాసనకు అవి పెద్ద ఎత్తున పోగవుతాయని తేలింది. సంతాపానికేం కాదు, చచ్చినదాని గుల్ల కోసం. వినడానికి కటువుగా ఉన్నా దానిలో ఒక క్రమం ఉంది. పెద్ద పీత ఆ గుల్లలోకి మారితే దాని పాతది తరవాతిదానికి, దానిది ఇంకోదానికి. అమెరికాలో ఐవన్ ఛేజ్, ఆయన తోటివారు 1988లో దీన్ని మనుషుల ఇళ్ల మార్పిడితో పోల్చి వివరించారు. ఒక్క ఖాళీ గుల్ల వెనక ఒక వరసంతా కదులుతుంది. ఒడ్డున మనం ఏరుకున్న ఒక్క గుల్ల, ఒక్కటి కాదు.

ఇప్పుడు ఆ ఒడ్డున ప్లాస్టిక్ సీసా పడి ఉందనుకోండి. హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవులు, పసిఫిక్‌లో మనుషులు కాపురం లేని హెండర్సన్ దీవి. ఆ రెండుచోట్లా కొట్టుకొచ్చిన చెత్తను లెక్కగట్టి పరిశోధకులు 2020లో చెప్పిన అంచనా ప్రకారం, కోకోస్‌లో సుమారు 5,08,000, హెండర్సన్‌లో సుమారు 61,000 సన్యాసి పీతలు సీసాల్లో, డబ్బాల్లో చిక్కి చచ్చాయి. ఏటవాలుగా పడి ఉన్న సీసాలోకి పీత దిగుతుంది, నున్నటి గోడ ఎక్కి పైకి రాలేదు. చచ్చిపోతుంది. ఆ వాసన బయటికి పోయి, ఇక్కడ గుల్ల ఖాళీ అయిందని కబురు చెబుతుంది. ఇంకోటి వస్తుంది. దాని వాసన మరోదాన్ని పిలుస్తుంది. ఒకే ఒక్క డబ్బాలో 526 పీతలు దొరికాయి.

ఈ సంఖ్య చదివి నేను పుస్తకం మూసేశాను. వాటిలో ఒక్కటీ పొరపాటు చేయలేదు. మీసం సరిగ్గానే పనిచేసింది, వాసన నిజమే చెప్పింది, గుల్ల నిజంగానే ఖాళీ అయింది. ఎన్నో యుగాలు దాన్ని బతికించిన తెలివే ఆ సీసాలోకి నడిపించింది. దాని లోకంలో సీసా అనేది లేదు. అది మన లోకంలోని వస్తువు. మనం దాని లోకంలోకి పోలేమంటూ వేదాంతం చెప్పుకుంటాం, మన చెత్త మాత్రం హాయిగా పోతోంది.

చట్టాల మాటంటారా, మన దేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువు అంటే మనిషి తప్ప తక్కిన ఏ ప్రాణి అయినా అంది. పీతా అందులోనిదే, ఆ మాట చెప్పుకునేవారే తక్కువ. బ్రిటన్‌లో 2022లో వచ్చిన చట్టం పీతలు, రొయ్యల జాతిని కూడా అనుభూతి గల ప్రాణుల జాబితాలో చేర్చింది. పీతల పులుసు మా ఇంట్లోనూ వండుతారు. ఆ సంగతి దాచి ఈ వ్యాసం రాస్తే దొంగతనమవుతుంది. ఉడికే నీళ్లలోకి ప్రాణంతో వేయవద్దని మాత్రం మా ఇంటావిడకు చెప్పాను. ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా అంది.

సంక్రాంతికి మనవడు మళ్లీ వచ్చాడు. ఆనాడు నేను చెప్పింది తప్పని వాడితో అన్నాను. దానికి మనింట్లో ఉన్నట్టు తెలియదు, ఇల్లు అనే మాటే దానికి వేరు. నీళ్ల వాసన లేదని తెలిసి ఉంటుంది, ఎటు కొట్టినా మీసానికి ఏమీ తగలలేదని తెలిసి ఉంటుంది. ఆఖరికి తన గుల్లనే వదిలేసిందంటే చాలా తెలిసే ఉంటుంది. వాడేమీ అనలేదు. కాసేపయ్యాక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. పూజగదిలో శంఖం కూడా ఇచ్చేద్దామా అన్నాడు. నాయనమ్మ ససేమిరా అంది, అది ఆవిడ అత్తగారిది. నేను మధ్యలో మాట్లాడలేదు.

మర్నాడు గోపాల్‌పూర్ వెళ్లి, కెరటం వచ్చి వెనక్కి పోయే గీత దగ్గర గుల్లలన్నీ ఒక్కొక్కటిగా పెట్టాం. నలభై దాకా ఉంటాయి. వెనక్కి తిరిగి పది అడుగులు వేశామో లేదో, ఊరు చూడ్డానికి వచ్చిన ఒకావిడ, ఇవి మీకు వద్దా అని హిందీలో అడుగుతూ నాలుగైదు ఏరి తన కూతురి దోసిట్లో పోసింది. పాప మొహం వెలిగిపోయింది. మనవడు నా వంక చూశాడు. నాకు వచ్చిన హిందీలో ఆవిడకు ఏం చెప్పాలో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆలోచిస్తూ నిలబడ్డాను.